కళింగనగరానికి తలంటు

మన దీవిలో, అందులోనూ వకోవాలో వాన పట్టుకుందంటే మూడు రోజులకు గాని వదలదని మీకు నేను చెప్పనక్కర్లేదు. పోయిన వారం అలాంటి వాన మధ్యాహ్నమే, బడిలో తెలుగు చెప్పే మా మనవరాలు మర్నాటి పాఠం సిద్ధం చేసుకుంటూ నా మంచం చివర చేరి, కళింగదేశపు పాత రాజధాని ఎక్కడ ఉండేదో తెలుసా నానమ్మా అని అడిగింది. నేను నోరు విప్పేలోగా తనే చెప్పేసింది. గంగవంశపు రాజులు కళింగనగరమని పిలుచుకున్న ఊరు ఏదో పండితులకు చాలాకాలం తేలలేదట, సముద్రపు ఒడ్డున అని కొందరూ, అక్కడికి ఎగువన వంశధార పక్కనున్న ముఖలింగం అని కొందరూ వాదించుకున్నారట, చివరికి రాళ్ళమీది రాతలూ దిబ్బల్లో దొరికిన వస్తువులూ చూసి ముఖలింగమే అని ఖాయం చేశారట. పిల్ల అంత గంభీరంగా చెబుతుంటే నాకు నవ్వు ఆగలేదు. ఆ రాజధాని ముక్క ఒకటి మా పెరట్లో ఉండేదనీ, ఏళ్ళ తరబడి శుక్రవారం శుక్రవారం దానికి నీళ్ళు పోసినదాన్ని నేనేననీ అంటే, పెద్దదానికి జ్వరమేమో అన్నట్టు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

దానికి చెప్పి లాభం లేదు. చెరకు తోటల కాంపుల్లో పుట్టి పెరిగిన నా ఈడువాళ్ళు మీలో ఇంకా కొందరు ఉన్నారు కదా, మీకయితే నేను ఏ మాటకు అర్థం చెప్పకుండా చెప్పుకోవచ్చు. వరసగా మట్టిగోడల ఇళ్ళు, ఒక ఇంట్లో పోపు వేస్తే పది ఇళ్ళలో తుమ్ములు, తెల్లవారకముందే పనిలోకి తోలే సిర్దారు వేసే కేకలు, శనివారం వచ్చిందంటే దీపం చుట్టూ రామభజన. ఆ భజనలు నడిపించినవాడే మా నాన్న. పాంప్లెమూస్ దగ్గర కాంపులో ఉండేవాడు. మగపిల్లలు లేకపోవడంవల్లా, తన కళ్ళు మసకబారుతున్నందువల్లా పాటల కాగితాలు చదివి వినిపించడానికి ఎవరో ఒకరు కావలసివచ్చి నాకు అక్షరాలు నేర్పాడు. ఆ అక్షరాలతోనే నన్ను పదహారో ఏట రైలెక్కించి మహేబోర్గ్ వైపు కాంపుకు కోడలిగా పంపాడు. చదువుకున్న కోడలు వచ్చిందని ఊరంతా చూడ్డానికి వస్తే మా అత్త మాత్రం, అక్షరాలు వేస్తే ఎసరు మరుగుతుందా అని మొదటిరోజే అడిగింది. నా పెనిమిటి సంగతి అడుగుతారేమో, ఆయన పొద్దున్నే మిల్లుకు వెళ్ళి చీకటిపడి వచ్చే మనిషి, ఆ ఇంట్లో జరిగిన ఏ గొడవలోనూ ఆయన పేరు తలచుకోవలసిన అవసరం రాలేదు.

మా మామ సంగతి వేరు. ఈ దీవిలో పుట్టిన మా అత్తలా కాకుండా ఆయన ఓడ దిగి వచ్చిన మనిషి, మీసం రాని వయసులో తోటకూలికి బొండు రాసి వచ్చినవాడు. ఆయన ఊరు ముఖలింగం పక్కనే. ఆ ఊళ్ళో పొలం దున్నితే మూరెడు పొడుగు ఇటుకలు నాగలికి తగులుతాయనీ, పెద్ద వాన వెలిశాక పిల్లలు గట్ల మీద చింతగింజలో సగమైనా లేని బంగారు నాణేలు ఏరుకుంటారనీ, బొమ్మలు చెక్కిన స్తంభానికి ఆవును కట్టేసి పాలు పితుకుతారనీ, బట్టలు ఉతికే బండ తిరగేస్తే దేవుడు కనిపిస్తాడనీ చెప్పేవాడు. ఒకప్పుడు అక్కడ రాజులు ఏలారనీ, రాజుగారి ఏనుగులు నీళ్ళకు దిగిన రేవు తాను చూశాననీ అనేవాడు. ఆ రాజుల పేర్లు మాత్రం ఆయనకు తెలియవు. కాంపులో జనం ఊరుకుంటారా, ఆయనకు రాజుగారని పేరు పెట్టేశారు. రాజుగారూ, ఇవాళ ఏనుగు రాలేదా, నడిచే పోతున్నారేం అని చెరకు కొట్టేచోట ప్రతి పొద్దూ ఎవరో ఒకరు అనేవాళ్ళు. ఆయన నవ్వేసేవాడు గాని ఇంటికొచ్చాక ఆ పూట అన్నం సరిగా తినేవాడు కాదని వడ్డించే నాకు తెలుసు.

ఇక మా పెరటి అమ్మోరు. వేపచెట్టు మొదట్లో, నాలుగు కర్రలమీద రేకు కప్పిన నీడలో, రెండు జానల ఎత్తు రాయి. మామ ఓడలో తన మూటలో పెట్టుకుని తెచ్చిన రాయి అది. వాళ్ళ ఊరి పొలంగట్టు మీద వాళ్ళమ్మ కొలిచిన అమ్మోరట. శుక్రవారం పొద్దున్నే తలస్నానం చేసి కోడలు ఆ రాయికి నీళ్ళు పోసి, పసుపు ముద్దగా కలిపి ఒళ్ళంతా రాసి, కుంకుమ బొట్లు పెట్టాలి. అక్కడ మా అత్త పెట్టిన కట్టుబాటు ఒకటుంది. పాత పసుపు గీకకూడదు. కడిగినప్పుడు ఊడినంత ఊడనీ, గోరు మాత్రం తగలనివ్వకూడదు, అమ్మ ఒంటిమీద పసుపు పోయి రాయి బయటపడితే ఇంటికి మంచిది కాదని ఆవిడ నమ్మకం. ఆవిడ ఇద్దరు పిల్లల్ని జ్వరాలకు పోగొట్టుకుని మూడోవాడిని ఆ రాయి ముందు పొర్లి దక్కించుకుంది మరి. అలా ఎన్నేళ్ళ పసుపో పొర మీద పొర పేరుకుని, అమ్మోరు బొద్దుగా నున్నగా ఉండేది. నాకు ఆ పని ఎంతో ఇష్టంగా ఉండేది. ఇంటిచాకిరీ అంతటిలోనూ ఎవరూ వంకపెట్టనిది అదొక్కటే.

నేను కాపురానికి వచ్చిన ఆరో ఏడు పెద్ద తుఫాను వచ్చింది. పెరట్లో రేకు ఎగిరిపోయి ఎక్కడో చెరకులో పడింది, రెండురోజులు అమ్మోరు మీద ధారగా వాన కురిసింది. మూడోనాడు పసుపుగిన్నె పట్టుకుని వెళ్ళి చూస్తే ఒక పక్క పొర నాని పెచ్చులా లేచివుంది. దాన్ని మళ్ళీ అంటిద్దామని వేళ్ళతో నొక్కబోతే వేళ్ళకు ఉలితో చెక్కిన గాళ్ళు తగిలాయి. వరసగా, ఒకదాని పక్కన ఒకటి. అక్షరాలని నా వేళ్ళకే ముందు తెలిసింది. కంటికి కనిపించినవి మాత్రం మా నాన్న నేర్పిన అక్షరాలు కావు, ఒకటి అరా మన వాటికి దూరపు చుట్టాల్లా అనిపించాయి అంతే. పెచ్చు కింద వేళ్ళు పోనిచ్చి తడిమితే నాలుగు వరసలు లెక్కకు వచ్చాయి, పై రెండు వరసలు నిండుగా ఉన్నాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఆ నాలుగు వరసలూ తడిమినది నేనొక్కదాన్నే.

మామను పిలిచి చూపించాను. ఆయనకు చదువు రాదు. రాయి ముందు తడినేల మీదే చతికిలబడి, నా చెయ్యి పట్టుకుని తన వేళ్ళు బయటపడ్డ గాళ్ళలో పెట్టించుకుని అన్నాడు.

“నాను సెప్తే కాంపు కాంపంతా నవ్వీసినారు గదమ్మా. ఇప్పుడీ రాయే సెప్తాది.”

ఆ రోజు ఇంకో మాట కూడా చెప్పాడు, ఎవరికీ చెప్పవద్దంటూ. ఆ రాయి వాళ్ళమ్మ ఇచ్చి పంపింది కాదు. ఊరు విడిచే రోజు గట్టు మీది నుంచి చెప్పకుండా ఎత్తుకొచ్చేశాడు, తోడు ఉంటుందని. మర్నాడు వాళ్ళమ్మ పసుపు పట్టుకుని గట్టు దగ్గరికి వెళ్ళి ఏం చూసి ఉంటుందో అన్న తలపు ఇన్నేళ్ళుగా ఆయన్ని తినేస్తోంది. ఆ రాత ఎవరైనా చదివి, ఇది ఫలానా రాజుల నగరపు రాయి అని తేలిస్తే, దాన్ని తీసుకుని ఓడెక్కి వెళ్ళి తీసిన చోటనే పెట్టేస్తానన్నాడు. నగరం రాయి నగరంలో ఉండాల, పరాయి మట్టిలో ఏటి అన్నాడు. ఆ మాట తర్వాత రోజుల్లో అన్నాల దగ్గర కూడా అనడం మొదలుపెట్టాడు. తిరుగు ఓడ ఎక్కిన ముసలివాళ్ళు అప్పట్లో ఉండేవాళ్ళని మీకు తెలుసు. ముసలాయన మాటలే అని నేను పట్టించుకోలేదు, మా అత్త అయితే ఆ మాట వినపడనట్టే పచ్చడి వడ్డించేది.

మద్రాసులో పాత రాతలు చదివే సర్కారు ఆఫీసు ఒకటి ఉందని పోర్ట్ లూయీలో ఓడసరుకు వ్యాపారి దగ్గర గుమాస్తా మా నాన్నకు చెప్పాడు. నేను చెప్పగా నాన్న రాశాడో, నాన్న చెప్పగా నేను రాశానో ఇప్పుడు గుర్తులేదు గాని ఉత్తరం వెళ్ళింది. నాలుగైదు నెలలకు జవాబు వచ్చింది. మంచి తెలుగులో, మర్యాదగా, చెరకు కొట్టే మనిషికి రాస్తున్నామన్న చులకన ఎక్కడా లేకుండా రాశారు. కళింగనగరం ఎక్కడన్నది ఇంకా తగువులో ఉందనీ, ఆ ప్రాంతపు రాయి ఎంత చిన్నదయినా, దానిమీద రాజు పేరో ఊరి పేరో ఉంటే ఎంతో పనికివస్తుందనీ అందులో ఉంది. రాయిని శుభ్రంగా కడిగి, తడికాగితం పరిచి, కుంచెతో మెల్లగా కొడుతూ గాళ్ళలోకి కాగితం దిగేలా చేసి, పైన సిరాగుడ్డ అద్దితే అక్షరాలు తెల్లగా వస్తాయి, ఆరాక ఆ కాగితం పంపండి అని పద్ధతి కూడా నేర్పారు. నేను చదువుతుంటే మామ ప్రతి వాక్యాన్నీ రెండుసార్లు చదివించుకున్నాడు.

కడగమన్న మాట దగ్గరే వచ్చింది తంటా. నాకు అప్పుడు మూడో నెల. అంతకుముందు ఒక కడుపు నిలవలేదు. అమ్మోరి పసుపు కడిగేసి ఉత్త రాయిని చేసి నిలబెడితే కోడలి కడుపేం కావాలి అని అత్త గొంతెత్తింది. రాత చదివించకుండా చచ్చిపోతే నా ప్రాణం ఆ గట్టు మీదే తిరుగుతుందని మామ అన్నాడు. ఆయనకు అప్పటికే దగ్గు పట్టుకుంది, ఆ మాట ఊరికే అన్నది కాదు. ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. మూడు వారాలపాటు ఆయనకు ఉప్పు కావాలన్నా ఆవిడకు కట్టెలు కావాలన్నా రాయబారం నాదే, ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని నాతో చెప్పించుకునేవాళ్ళు. అన్నం చల్లారిపోతోందని మీ మామకు చెప్పు, చల్లారితే చల్లారనీమని మీ అత్తకు చెప్పు. నవ్వొస్తే అవతలికి వెళ్ళి నవ్వుకుని వచ్చేదాన్ని. కాని మామ రోజురోజుకూ తగ్గిపోవడం చూస్తూంటే నవ్వు నిలిచేది కాదు. గోరు తగలనివ్వనని అత్తకు మాట ఇచ్చినదాన్నీ, అక్షరాలు చదివిస్తానని మామకు మాట ఇచ్చినదాన్నీ నేనే.

ఒక శుక్రవారం పొద్దున్న అత్తే తేల్చేసింది. తను ముందు తలస్నానం చేసి, నువ్వులనూనె గిన్నె, సెనగపిండి, చింతపండు, ఇత్తడి దీపాలు తోమే ఇటుకపొడి, కొబ్బరిపీచు అన్నీ పెరట్లో వరసగా పెట్టి నన్ను పిలిచింది.

“అమ్మకి తలంటు పోద్దాం. పండక్కి మనం పోసుకోమా. నువ్వు నీళ్ళు ఎయ్యి.”

తలంటు! మూడు వారాల తగువు ఒక్క మాటతో తీరిపోయింది. పసుపు కడిగేస్తే పాపం గాని తలంటు పోస్తే పాపమేముంటుంది, ఆ ఉపాయం నా అక్షరాలకు తట్టలేదు. మామ గోడ పట్టుకుని బయటికొచ్చి పీట మీద కూర్చున్నాడు. అత్త రాయికి నూనె పట్టించింది, పసిబిడ్డకు పట్టించినట్టు, మాడు మీద అరచేత్తో తట్టి మరీ. సెనగపిండితో రుద్దింది. నేను నీళ్ళు పోస్తుంటే పసుపు ముద్దలు ముద్దలుగా ఊడి గంగాళం నిండా పచ్చటి నీళ్ళు, మధ్యమధ్య కుంకుమ ఎర్రగా. మామ ముందుకు వంగి, అటు పక్క, ఇంకొంచెం పైన అని తనే నోరు విప్పి అత్తతో అన్నాడు. సరేలే నాకు తెలీదా అని అత్త తిరిగి జవాబిచ్చింది. వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం విని నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

తర్వాత ఆవిడ చింతపండు, ఇటుకపొడి, పీచు తీసుకుంది. ఆ రాయి మెత్తటి జాతి. అత్త చేతులు చెరకుతోటలో బండబారిన చేతులు. పై నుంచి కిందికి, కింది నుంచి పైకి, బలంగా, దమ్ము తీసుకోకుండా తోమింది. పచ్చనీళ్ళు అయిపోయి తేటనీళ్ళు వచ్చాయి. అక్కడితో ఆపవలసింది. కాని ఆ తేటనీళ్ళు చూస్తుండగానే బూడిదరంగుకు తిరిగాయి. మట్టి కాదది, రాయే అరిగి వస్తోందని నాకు తెలిసిపోయింది. అత్తా చాలు అనడానికి నోరు తెరిచాను. మామ ఆవిడ వైపు చూస్తున్నాడు, కొత్త పెళ్ళికొడుకు చూసినట్టు. మూడు వారాల తరవాత మొదటిసారి. నోరు మూసుకుని ఇంకో చెంబు నీళ్ళు పోశాను. ఈ వయసుకు వచ్చినా ఆ చెంబు బరువు నా చేతికి గుర్తే.

మర్నాడు మా నాన్న రైల్లో వచ్చాడు, కాగితాలూ దీపపు మసితో కలిపిన సిరా తీసుకుని. ఇద్దరం కలిసి మద్రాసువాళ్ళు చెప్పినట్టే తడికాగితం పరిచి, మెల్లగా కొట్టి, సిరా అద్దాం. కింద ఒకటిన్నర వరస తెల్లగా వచ్చింది. పైనంతా నల్లగా, నున్నగా. అంతేనా ఉన్నదని నాన్న అడిగితే అంతే అన్నాను. అత్త గుమ్మంలో నిలబడి, రాత బాగా వచ్చిందా అంది. బాగా వచ్చిందత్తా అన్నాను. కాగితం ఓడెక్కింది. అమ్మోరికి ఆ సాయంత్రమే మళ్ళీ మొదటి పొర పసుపు రాశాను.

రెండో జవాబు వచ్చేసరికి మా వాడు పాకుతున్నాడు, మనవరాలి తండ్రి. మామ వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని చదవమన్నాడు. ఆ కాస్త రాతలో ఉన్నది గుడికి అఖండదీపం ఇచ్చిన సంగతి అని రాశారు. ఎవరో ఒకావిడ, పేరు పూర్తిగా దొరకదు, దీపం ఆరకుండా వెలగాలని ఏర్పాటు చేసిందట. లిపి గంగరాజుల కాలానిదేనట. రాజు పేరు, ఊరి పేరు మామూలుగా పై వరసల్లో ఉంటాయనీ, అవి లేనందువల్ల కళింగనగరం విషయంలో ఈ రాయి సాక్ష్యానికి రాదనీ చింతిస్తూ రాశారు. దాని తర్వాత ఇంకో వాక్యం ఉంది. పై వరసలు కాలంవల్ల గాక ఇటీవల గట్టిగా తోమడంవల్ల చెరిగిపోయినట్టు కాగితాన్నిబట్టి అనిపిస్తున్నదని. అత్త బియ్యం చేటతో అక్కడే కూర్చుని ఉంది. ఆ వాక్యం కంటితో చదివాను, నోటితో చదవలేదు. చిత్తగించవలెను అని ముగించి ఉత్తరం మడిచేశాను.

మామ ఏమంటాడోనని భయపడ్డాను. ఆయన పిల్లవాడి బొజ్జ నిమురుతూ, ఊరి పేరు లేని రాయిని ఏ గట్టు మీద పెట్టమంటారు, ఉండనీ ఇక్కడే అన్నాడు. ఓడ మాట ఆ తర్వాత ఎత్తలేదు. ఆ ఉత్తరం మీద ఉన్న సర్కారు ముద్ర మాత్రం కాంపులో అందరికీ చూపించాడు. రాజు ఉన్నాడో లేడో గాని రాజులనాటి దీపం ఉందని మద్రాసు సర్కారే చెప్పిందాయె, మరి వెక్కిరించడానికి ఎవరికీ నోరు రాలేదు. రామభజన మొదలయ్యే ముందు దీపం వెలిగించే పని కూడా పెద్దవాళ్ళు ఆయనకే ఇచ్చారు. ఇంకో రెండేళ్ళు ఉన్నాడు. దగ్గు తెర విడిచినప్పుడల్లా మనవణ్ణి ఎత్తుకుని ఆ ఊరి దిబ్బలూ గుళ్ళూ చెప్పేవాడు, ఏటేటా ఏనుగులు మాత్రం పెరిగేవి. పోయేటప్పుడు అత్త చెయ్యి ఆయన చేతిలో ఉంది.

అసలు సంగతి నాకు చాలాకాలం తర్వాత తెలిసింది. అత్త మంచాన పడ్డాక, నేనొకరోజు ఆవిడకు తల దువ్వుతూ ఉంటే, ఏ సందర్భమూ లేకుండా, అటు తిరిగి పడుకునే చెప్పింది.

“నీళ్ళు రంగు మారినప్పుడు నానూ సూసినానే కోడలా. ఆ పేరు దొరికుంటే మీ మామ బాతో ఎక్కీసి సముద్రం దాటీసేవాడు. నాను ఇక్కడే పుట్టినదాన్ని, నన్ను ఏ ఊరికి రమ్మంటాడు?”

ఉత్తరంలో నువ్వో మాట మింగేశావని కూడా నాకు తెలుసు అంది. నేను దువ్వెన పక్కన పెట్టి ఆవిడ వెనకే ఆనుకుని పడుకున్నాను. ఆవిడ తప్పు నేను దాచాననుకుంటూ నేను, నా మౌనం తను దాచాననుకుంటూ ఆవిడ, ఒకే వంటింట్లో ఇన్నేళ్ళు వండుకుతిన్నాం. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. ఇప్పటికీ రాదు. నగరాన్ని ఇంకెవరో ఇంకే రాళ్ళతోనో నిలబెట్టుకున్నారు, మా రాయి లేకపోయినా వాళ్ళ పని ఆగలేదు. ఆ పొద్దు ఆ రాయి చదివించుకుని ఉంటే మాత్రం మా వాడిని ఎత్తుకుని ఏనుగుల కథ చెప్పే తాత ఉండేవాడు కాదు.

కాంపు పడగొట్టినప్పుడు అమ్మోరిని గుడికి ఇచ్చేశాం. కొత్తగా సిమెంటు అరుగు కట్టి అందులో అమ్మోరిని సగందాకా పాతారు. శుక్రవారం పసుపు పూజారిగారు రాస్తారు, నాలాంటి కోడలి వేళ్ళతో పని లేదు. అంతా శుభ్రంగానే ఉంది, నాకేం ఫిర్యాదు లేదు. ఈ మధ్య మనవాళ్ళు గుంపుగా విమానమెక్కి ఇండియా వెళుతున్నారు. వంశధారలో స్నానం చేసి, ఆ గుళ్ళ ముందు నిలబడి ఫొటోలు తీయించుకుని, పదిహేను రోజుల్లో చీరలూ పచ్చళ్ళూ మోసుకుని వచ్చేస్తున్నారు. గుమ్మం దాటేటప్పుడు వెనక ఎవరూ ఏడవరు, బిళ్ళలు వేసుకున్నావా, కండువా పెట్టుకున్నావా అని అడుగుతారంతే. వాళ్ళను చూసినప్పుడల్లా మా అత్త జ్ఞాపకం వస్తుంది. వెళ్ళిన మనిషి తిరిగివస్తాడని ఆవిడకు ఎవరైనా అప్పుడు మాట ఇవ్వగలిగి ఉంటే, ఆవిడ అంత గట్టిగా తోమేది కాదు.